హార్స్‌పవర్ చూసి గేర్‌బాక్సు ఎంచేవాళ్ళతో నా పోట్లాట

 ఇది పొడుగు పోస్టు. తీరిగ్గా ఉన్నప్పుడు చదవండి. కోపం వస్తే చదివిన తర్వాత తిట్టండి, చదవకముందు వద్దు.

పది రోజులుగా మన గ్రూపులో ఒకటే గోల. ఉగాది పంచాంగ శ్రవణం గురించి కూడా ఇంత మంది మాట్లాడలేదు. సంగతి అందరికీ తెలిసిందే. అమెరికాలో డాలస్ దగ్గర ఉన్న మా చెల్లెలి కొడుకు 1994 నాటి షెవర్లే సి2500 పికప్పు ట్రక్కు కొన్నాడు. దాని పెట్రోలు ఇంజను చచ్చిపోయింది. దాని స్థానంలో కమిన్స్ 5.9 లీటర్ల డీజిల్ ఇంజను, పాత 12 వాల్వులది, దించుతున్నాడు. గేర్‌బాక్సు మాత్రం ఆటోమేటిక్కే కావాలంటాడు, ఎందుకంటే కోడలు కూడా నడపాలి. ఏ గేర్‌బాక్సు పెడితే చాలాకాలం నిలుస్తుంది అని మన గ్రూపులో అడిగాడు. హోసూరులో లారీలున్నవాళ్ళు, ఫ్యాక్టరీల్లో చేసి రిటైరైనవాళ్ళు ఇంతమంది ఉన్నారు కదా, వీళ్ళని అడిగితే తప్పు జరగదని నమ్మాడు పాపం.

వాడికి వచ్చిన జవాబుల్లో ఎక్కువ లైకులు పడ్డది ఇది: "పాత ఇంజను 200 హార్స్‌పవర్. కొత్త ఇంజను 160. పాత గేర్‌బాక్సు 200 మోసింది, 160 మోయదా? డబ్బు దండగ చేయకు, ఉన్నదే బిగించు." దానికి బొటనవేళ్ళు, దండాలు, "సూపర్ మామా"లు.

ఇది రాసినవారు నాకు బాగా కావలసినవారు. సంఘం భవనం కట్టినప్పుడు ఇసుక లోడ్లు ఊరికే తోలిన మనిషి. ఆయన మీద నాకు గౌరవం ఉంది. కానీ ఆయన చెప్పింది శుద్ధ తప్పు. తప్పు అని చెప్పకుండా ఊరుకుంటే వచ్చే నెల మా చెల్లెలు అదే ట్రక్కులో, వెనకాల మూడు టన్నుల ట్రైలరుతో, ఇద్దరు మనవలను పక్కన పెట్టుకుని కొలరాడో కొండలకు పోతుంది. అందుకే రాస్తున్నాను.

ముందు లెక్క చూద్దాం. ఆ ట్రక్కులో వచ్చిన 5.7 లీటర్ల పెట్రోలు ఇంజను 200 హార్స్‌పవర్ ఇచ్చేది, కానీ ఎప్పుడు? 4,000 ఆర్‌పీఎం దగ్గర. దాని టార్క్, అంటే షాఫ్టును మెలితిప్పే బలం, 410-420 న్యూటన్ మీటర్లు. ఇప్పుడు పెడుతున్న కమిన్స్ 160 హార్స్‌పవరే. కానీ దాని టార్క్ సుమారు 540 న్యూటన్ మీటర్లు, అదీ 1,600 ఆర్‌పీఎం చుట్టుపక్కలే వచ్చేస్తుంది. హార్స్‌పవర్ అయిదో వంతు తగ్గింది, మెలితిప్పే బలం దాదాపు మూడో వంతు పెరిగింది. గేర్‌బాక్సు లోపల ఉన్న క్లచ్ ప్లేట్లకు, షాఫ్టులకు, పళ్ళకు హార్స్‌పవర్ అనే మాట తెలియదు. వాటికి తెలిసింది మెలి ఒక్కటే. తడిబట్ట పిండేటప్పుడు బట్ట చిరిగేది చేతి వేగానికా, చేతి బలానికా?

పైగా ఆటోమేటిక్‌లో ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్య టార్క్ కన్వర్టర్ ఉంటుంది. బండి నిలబడి ఉండి కదిలే క్షణంలో అది ఇంజను టార్క్‌ను సుమారు రెండింతలు చేసి లోపలికి పంపుతుంది. అంటే ట్రైలరుతో ఎత్తు మీద బండి లేపినప్పుడు గేర్‌బాక్సు మొదటి షాఫ్టు మీద పడేది 540 కాదు, వెయ్యికి దగ్గర. దాని మీద డీజిల్ ఇంజను దెబ్బ వేరు. పెట్రోలు ఎనిమిది సిలిండర్లు మెత్తగా తోస్తే, డీజిల్ ఆరు సిలిండర్లు సమ్మెట వేసినట్టు కొడతాయి. కుర్రాళ్ళు ఊరుకుంటారా? ఈ పాత కమిన్స్ పంపును కాస్త సవరిస్తే టార్క్ మరో వంద, రెండు వందలు పెరుగుతుందని వాళ్ళకి మొదటి వారంలోనే తెలుస్తుంది. మా వాడికి ఇప్పటికే తెలుసు, నాకు అనుమానం.

ఆ ట్రక్కులో ఉన్న పాత గేర్‌బాక్సు పేరు 4ఎల్60ఈ. నాలుగు గేర్లు, నిలువు అమరిక, 60 అనేది దాని బలానికి గుర్తు, ఈ అంటే ఎలక్ట్రానిక్. చెడ్డ బాక్సు అనను. కార్లకూ తేలికపాటి ట్రక్కులకూ లక్షల్లో పెట్టారు. కానీ దాని బలహీనతలు అమెరికాలో గేర్‌బాక్సు పని చేసే ప్రతి ఫిట్టరుకూ నోటికి వచ్చు: మూడు-నాలుగు గేర్లకు పనిచేసే క్లచ్ ప్లేట్లు కాలిపోవడం, సన్ గేరును పట్టుకునే డొప్ప పగిలిపోవడం. పెట్రోలు ఇంజనుతో, బరువులు లాగే ట్రక్కుల్లోనే ఈ రెండూ చూస్తారు. దాని వెనక కమిన్స్ కూర్చోబెట్టడమంటే ఎద్దు బండికి ఏనుగును కట్టడమే.

మోసం ఎక్కడుందంటే, అది బిగుస్తుంది. అడాప్టర్ ప్లేటు ఒకటి వేస్తే బోల్టులు చక్కగా కూర్చుంటాయి. బోల్టు కూర్చుంటే సరిపోయిందనుకునే జబ్బు మనలో చాలామందికి ఉంది. నాకూ ఉండేది.

ఎలా వదిలిందో చెప్తాను. ఇది ఎప్పుడూ గ్రూపులో రాయలేదు. ఫ్యాక్టరీలో ఉద్యోగం చేస్తూనే సాయంత్రాలు బాగలూరు రోడ్డులో ఒక చిన్న షెడ్డు నడిపేవాణ్ణి, పాతవాళ్ళకి గుర్తుంటుంది. ఒకాయన మినీ లారీకి ఇంజను మార్చమన్నాడు. పెద్ద డీజిల్ ఇంజను ఒకటి చవగ్గా దొరికింది. పాతదానికీ దీనికీ హార్స్‌పవర్‌లో పెద్ద తేడా లేదు. గేర్‌బాక్సు, క్లచ్ పాతవే ఉంచాను. బోల్టులు కూర్చున్నాయి మరి. మూడు వారాలు బండి గుర్రంలా పోయింది, ఆయన నాకు మిఠాయి తెచ్చిచ్చాడు. నాలుగో వారం సేలం నుంచి సగ్గుబియ్యం లోడుతో వస్తూ తొప్పూరు ఘాట్ ఎక్కుతుంటే క్లచ్ జారింది. ఇంజను అరుస్తోంది, బండి కదలదు, ఆపైన వెనక్కి దొర్లింది. క్లీనరు కుర్రాడు దూకి చక్రం కింద రాయి పెట్టబోయాడు. రాయితో పాటు వాడి చెయ్యి కూడా పడింది. రెండు వేళ్ళు పోయాయి. ప్రాణం పోలేదు కాబట్టి అందరూ దేవుడి దయ అన్నారు. ఆ కుర్రాడికి అప్పటికి పదహారేళ్ళు.

తప్పు ఇంజనుది కాదు, లోడుది కాదు, డ్రైవరుది కాదు. నాది. హార్స్‌పవర్ చూసి టార్క్ చూడని తప్పు. ఇప్పుడు అదే తప్పుకు గ్రూపులో బొటనవేళ్ళు పడుతుంటే చూస్తూ కూర్చోమంటారా?

రెండో వాదన ఇంకొక పెద్దాయనది. "ఆటోమేటిక్ అసలు లారీ జాతికి పనికిరాదు. నిలిచేది మాన్యువల్ ఒక్కటే. వాడికి ఆ మాట చెప్పి పంపండి." ఇందులో సగం అనుభవం, సగం అపోహ. మనవాళ్ళు చూసిన ఆటోమేటిక్‌లలో చాలావాటిది ఏఎంటీ అనే రకం. అది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్ తొక్కే పనీ గేరు మార్చే పనీ మనిషికి బదులు ఒక యంత్రం చేస్తుంది. ఎత్తు మీద అది తడబడితే చూసి, "ఆటోమేటిక్ ఇంతే" అని తీర్పు చెప్పేశారు. మనం మాట్లాడుతున్నది టార్క్ కన్వర్టర్ ఉన్న అసలు ఆటోమేటిక్. రెండూ వేరు జాతులు. బెంగళూరులో ఏళ్ళ తరబడి తిరుగుతున్న వోల్వో సిటీ బస్సుల్లో క్లచ్ పెడలు ఉందా? ప్రతి రెండు వందల గజాలకు ఆగి, నిండా జనంతో మళ్ళీ లేచే బండ్లు అవి. మన హోసూరు నుంచి ఇంత దగ్గరలో రోజూ చూస్తూ, ఆటోమేటిక్ బరువు మోయదని ఎలా అంటారు? ఇంకా వెనక్కి పోతే, రెండో ప్రపంచ యుద్ధంలోనే అమెరికా వాళ్ళ ఎం5 స్టువర్ట్ ట్యాంకులో రెండు కాడిలాక్ ఇంజనులకు రెండు హైడ్రామాటిక్ ఆటోమేటిక్‌లు పెట్టారు. ట్యాంకు కంటే బరువైన ట్రక్కు మా మేనల్లుడి దగ్గర లేదు.

అయితే పెద్దాయన పక్షాన ఒక నిజం ఉంది, నేనే చెప్తాను. 1994లో డాడ్జ్ వాళ్ళు ఇదే కమిన్స్ ఇంజనును మాన్యువల్ గేర్‌బాక్సుతో 175 హార్స్‌పవర్, 570 న్యూటన్ మీటర్ల దాకా అమ్మారు. ఆటోమేటిక్‌తో అయితే 160కి, 540కి తగ్గించి అమ్మారు. చేసిన కంపెనీకే తన ఆటోమేటిక్ హద్దు ఎక్కడుందో తెలుసన్నమాట. నేను దీన్నుంచి తీసుకునేది ఆటోమేటిక్ వద్దని కాదు. హద్దు తెలుసుకుని పెట్టమని.

ఇప్పుడు అసలు సంగతి. ఆటోమేటిక్‌ను చంపేది బరువు కాదు, వేడి. ఇది అర్థమైతే మిగతా పోస్టు చదవకపోయినా పర్వాలేదు.

540 న్యూటన్ మీటర్లు, 1,600 ఆర్‌పీఎం అంటే షాఫ్టులో పోతున్న శక్తి సుమారు 90 కిలోవాట్లు. టార్క్ కన్వర్టర్‌లో బలం ఆయిలు ద్వారా పోతుంది కాబట్టి కొంత జారుడు ఉంటుంది. ట్రైలరుతో ఎత్తు ఎక్కేటప్పుడు వందకు పదిహేను వంతులు జారుడులో పోయిందనుకోండి. పదమూడున్నర కిలోవాట్లు. మన ఇంట్లో ఇస్త్రీ పెట్టె వెయ్యి వాట్లు. అంటే పదమూడు ఇస్త్రీ పెట్టెలను ఎర్రగా కాచి, గేర్‌బాక్సు ఆయిలులో ముంచి, కొండ ఎక్కినంతసేపూ అలాగే ఉంచడం. ఆ ఆయిలు 80 నుంచి 95 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే హాయిగా బతుకుతుంది. 120 దాటితే దాని గుణం చెడడం మొదలవుతుంది, ఇంకా పైకి పోతే సీళ్ళు గట్టిపడతాయి, ప్రెజరు కారిపోతుంది, ప్రెజరు లేని క్లచ్ ప్లేటు జారుతుంది, జారితే ఇంకా వేడి. అక్కడి నుంచి గేర్‌బాక్సు తనను తానే వండుకుంటుంది.

కాబట్టి "ఏ గేర్‌బాక్సు?" అనే ప్రశ్నకు ముందు "ఏ కూలరు?" అనే ప్రశ్న రావాలి. రేడియేటరులో ఉండే చిన్న కూలరు ఒక్కటీ ఈ పనికి చాలదు. దాని తర్వాత, ముందు గాలి తగిలేచోట, విడిగా పెద్ద ప్లేట్ల కూలరు కావాలి. ఆయిలు వేడి చూపే మీటరు డ్రైవరు కళ్ళ ముందు కావాలి. గ్రూపులో వచ్చిన అన్ని జవాబులూ మళ్ళీ చదివాను. కూలరు అన్న మాట ఒక్కరి నోట రాలేదు. అందరూ ఇంజనును పొగిడారు. ఇంజనుకు హారతి పట్టేవాళ్ళే గాని దాని వెనక మోసేవాడి గురించి అడిగినవాడు లేడు.

కన్వర్టర్‌లోనే లాకప్ అనే క్లచ్ ఉంటుంది. అది పట్టుకుంటే జారుడు సున్నా, ఇస్త్రీ పెట్టెలన్నీ ఒక్కసారి ఆరిపోతాయి. లాకప్ లేని బాక్సు ఈ పనికి వద్దే వద్దు. కన్వర్టర్ కూడా డీజిల్‌కు తగ్గది కావాలి. పెట్రోలు ఇంజను కోసం చేసిన వదులు కన్వర్టర్ పెడితే, డీజిల్ తన బలమంతా ఆయిలు చిలకడానికే ఖర్చు పెడుతుంది. 1,600-1,900 ఆర్‌పీఎం మధ్యలో గట్టిగా పట్టే కన్వర్టర్ ఉండాలి.

ఇక బాక్సుల సంగతి. ఒక కుర్రాడు టీహెచ్400 పెట్టమన్నాడు. 1964 నుంచి పేరున్న బాక్సు, ఉక్కు లాంటిది, నేనూ ఒప్పుకుంటాను. కానీ మూడే గేర్లు, మూడోది నేరుగా ఒకటికి ఒకటి, ఓవర్‌డ్రైవ్ లేదు, లాకప్ లేదు. మా వాడి వెనక హౌసింగ్ 3.73, టైరు ముప్ఫై అంగుళాల చిల్లర. గంటకు 105 కిలోమీటర్లు పోవాలంటే ఇంజను 2,670 దగ్గర తిరగాలి. ఆ కమిన్స్ పూర్తి బలం ఇచ్చేదే 2,500 దగ్గర, ఆ పైన గవర్నరు గొంతు పట్టుకుంటుంది. అంటే అక్కడి హైవేలో మా వాడు ఎడ్ల బండిలా పోవాలి. పైగా ఆ బాక్సు గేరు మార్చడానికి ఇంజను వాక్యూమ్ మీద ఆధారపడుతుంది. డీజిల్‌కు ఆ వాక్యూమ్ ఉండదు, వేరే పంపు కట్టాలి. అదే లెక్క 0.75 ఓవర్‌డ్రైవ్‌తో వేస్తే 2,000. కమిన్స్‌కు అంతకంటే సుఖమైన చోటు లేదు.

47ఆర్‌హెచ్ గురించి ఎక్కువ రాయాలి, ఎందుకంటే మా వాడి మనసు దాని మీదే ఉంది. డాడ్జ్ వాళ్ళు 1994, 95లో ఇదే ఇంజనుకు పెట్టిన బాక్సు. కాబట్టి అడాప్టర్ అక్కర్లేదు. కంప్యూటరు అక్కర్లేదు, గేర్లు ఆయిలు ప్రెజరుతోనే మారతాయి. లాకప్‌కూ ఓవర్‌డ్రైవ్‌కూ మాత్రం రెండు కరెంటు వైర్లు చాలు. నాలాంటి పాతకాలపు ఫిట్టరుకు చూడగానే ప్రేమ పుడుతుంది. కానీ ప్రేమ వేరు, పెళ్ళి వేరు. కంపెనీ నుంచి వచ్చిన రూపంలో దాని కన్వర్టర్ బలహీనం, లోపలి ప్రెజరు తక్కువ. ఇంకొకటి, పార్కులో పెట్టి ఇంజను ఆడిస్తే కూలరుకు ఆయిలు పోదు. ఎత్తు ఎక్కి వచ్చి, బండి పక్కకు తీసి, పార్కులో పెట్టి "చల్లారనీ" అనుకుంటాం. అది చల్లారడం లేదు. న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్ బ్రేకు వేయాలి. ఈ సంగతి కోడలికి ఎవరు చెప్తారు? యాక్సిలరేటరుకు కట్టే కేబులు ఒకటి ఉంది, అది ఒక చిటికెడు వదులైనా బరువు మీద ప్రెజరు పడిపోయి క్లచ్ ప్లేట్లు కాలిపోతాయి. వాల్వ్ బాడీ, కన్వర్టర్, ప్లేట్లు అన్నీ మార్చి కట్టించుకుంటే మంచి బాక్సే. కట్టించకుండా, యార్డు నుంచి తెచ్చి తుడిచి పెడితే మంచిది కాదు. "కమిన్స్ వెనక వచ్చిందే కదా" అన్న ధైర్యం చాలదు. పైన చెప్పాను, కంపెనీయే ఇంజను బలం తగ్గించి అమ్మింది.

ఆలిసన్ 1000 పెట్టమని చెప్పింది అందరిలో తెలివైన జవాబు. ఆలిసన్ వాళ్ళకి మన చెన్నై పక్కన ఒరగడంలో కూడా ఫ్యాక్టరీ ఉంది, మనవాళ్ళకి పరిచయమైన పేరే. 2001లో జీఎం డ్యూరామాక్స్ డీజిల్‌తో వచ్చిన బాక్సు అది, మొదట అయిదు గేర్లు, 2006 నుంచి ఆరు. లోపల ఎక్కడైనా జారుడు కనబడితే తనంతట తానే బలం తగ్గించి పక్కకు పొమ్మంటుంది. అంత తెలివి ఉన్న బాక్సు. కానీ దానికి తన కంప్యూటరు కావాలి, ఆ కంప్యూటరు ఇంజను కంప్యూటరుతో మాట్లాడాలని చూస్తుంది, మన పాత కమిన్స్‌కు కంప్యూటరే లేదు. మాట్లాడించే పెట్టెలు దొరుకుతాయి, ధర కూడా అలాగే ఉంటుంది. లావూ ఎక్కువ, క్యాబిన్ అడుగు రేకు కోయాల్సి రావచ్చు. జీవనం కోసం రోజూ పది టన్నులు లాగేవాడైతే నేనే పెట్టమంటాను. ఏడాదికి నాలుగైదు సార్లు మూడు టన్నుల ట్రైలరు లాగే ఇంటిమనిషికి అది పెళ్ళికి తెచ్చిన ఏనుగు అంబారీ.

నా మాట 4ఎల్80ఈ. పేరు పాతదానికి దగ్గరగా ఉంటుంది గాని తాతలు వేరు. ఇది ఆ ఉక్కు టీహెచ్400 వంశం. 1991లో దానికే ఓవర్‌డ్రైవ్, లాకప్, ఎలక్ట్రానిక్ అదుపు చేర్చి తెచ్చారు. గేర్లు 2.48, 1.48, 1.00, 0.75. మా వాడి సి2500లోనే బరువు రకాలకు కంపెనీ దీన్నే పెట్టింది, వాళ్ళ 6.5 లీటర్ల డీజిల్ వెనక కూడా ఇదే. అంటే ఆ ఛాసీకి ఈ బాక్సు చుట్టమే. 60 కంటే పొడుగు కాబట్టి అడుగున క్రాస్ మెంబరు జరపాలి, జాయింట్ షాఫ్టు కురచ చేయించాలి. కమిన్స్‌కు అడాప్టర్ ప్లేటు కావాలి. విడిగా ఒక కంట్రోలరు కావాలి, పంపు లీవరు మీద యాక్సిలరేటరు ఎంత తొక్కామో చెప్పే సెన్సరు పెట్టాలి. గేర్లు మారే చోట్లు డీజిల్‌కు తగ్గట్టు కిందికి దించి రాయించాలి. పెట్రోలు లెక్కలో వదిలేస్తే 4,000 దాటాక మారుద్దామని చూస్తుంది, మన ఇంజను 2,500 దగ్గరే ఆగిపోతుంది, బాక్సు రెండో గేరులో కూర్చుని మొండికేస్తుంది.

"కరెంటు పోతే?" అని పెద్దాయన తప్పకుండా అడుగుతారు. మంచి ప్రశ్న. ఈ బాక్సులో కరెంటు పూర్తిగా పోతే లోపలి ప్రెజరు పైకి, గరిష్ఠానికి పోతుంది, రెండో గేరు పట్టుకుని ఉంటుంది. వైరు తెగినా ప్లేట్లు కాలవు, మెల్లగా ఇంటికి రావచ్చు. చేసినవాడు తెగే వైరును కూడా ఆలోచించి చేశాడు. నాకు ఈ బాక్సు నచ్చడానికి సగం కారణం ఇదే. సెకండ్ హ్యాండ్ కొంటే 1997 తర్వాతది చూడమన్నాను, ఆ ఏడు నుంచి కూలరు నుంచి తిరిగి వచ్చే ఆయిలు దారి మార్చి లోపలి లూబ్రికేషన్ మెరుగు చేశారు. పాత బాక్సు కాలిపోయి ఉంటే దాని కూలరును కడిగి వాడొద్దు, పారేసి కొత్తది పెట్టు. అందులో దాగిన ఇనుప రజను కొత్త బాక్సును నెల తిరక్కముందే తింటుంది.

ఇంకొక మాట, "వెయ్యి హార్స్‌పవర్ మోస్తుంది" అని ప్రకటనలు వేసి అమ్మే కట్టుడు బాక్సుల గురించి. రేసులో పావు మైలు, పది సెకన్లు పరుగెత్తడానికి కట్టిన బాక్సు వేరు, ట్రైలరుతో గంటసేపు కొండ ఎక్కే బాక్సు వేరు. అమ్మేవాణ్ణి అడగాల్సింది హార్స్‌పవర్ కాదు. నా ఇంజను టార్క్ ఇంత, 1,600 దగ్గర వస్తుంది, బండీ ట్రైలరూ కలిపి బరువు ఇంత, ఎత్తు ఇంతసేపు ఎక్కుతాను, కన్వర్టర్ ఏది ఇస్తావు, ప్రెజరు ఎంత పెట్టావు? ఈ ప్రశ్నకు తడబడేవాడి దగ్గర కొనకూడదు.

ఎక్కడం గురించే మాట్లాడాను, దిగడం మరిచాను. డాలస్ నుంచి అమరిల్లో మీదుగా కొలరాడోకు పోతే న్యూ మెక్సికో సరిహద్దులో రాటన్ కనుమ వస్తుంది, సుమారు 7,800 అడుగులు. ఎక్కినంతా దిగాలి. పెట్రోలు ఇంజనుకు గాలి దారి మూసే తలుపు ఉంటుంది కాబట్టి యాక్సిలరేటరు వదిలితే కాస్త పట్టుకుంటుంది. ఈ డీజిల్‌కు ఆ తలుపు లేదు, వదిలితే వదిలినట్టే. ఎగ్జాస్ట్ బ్రేకు పెట్టాలి. అది కూడా లాకప్ పట్టి ఉంటేనే పనిచేస్తుంది, లేకపోతే దాని బలమంతా కన్వర్టర్ ఆయిలులో కలిసిపోతుంది. యాక్సిలరేటరు వదిలినా లాకప్ వదలకుండా కంట్రోలరులో రాయించాలి. ట్రైలరుకు దాని బ్రేకులు దానికి ఉండాలి. తొప్పూరు దిగుతూ వాసన వచ్చిన బ్రేకులు మనం ఎన్ని చూశాం, ఇది మీకు నేను చెప్పాలా?

గ్రూపులోని కుర్రాళ్ళకు ఒక హెచ్చరిక. ఇదంతా చదివి మీ బొలేరోలో ఏదో దించాలని బయలుదేరకండి. మన దేశంలో మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఆర్‌టీవో అనుమతి లేకుండా ఇంజను మార్చకూడదు. కంపెనీ వివరాలకు విరుద్ధంగా బండిని మార్చడం కుదరదని 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా గట్టిగా చెప్పింది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వాడు ముందు అడిగేది అదే. మేనల్లుడు ఉన్నది వేరే దేశం, వాడి చట్టం వాడు చూసుకున్నాడు.

హార్స్‌పవర్ లెక్క రాసిన అన్నగారికి నేరుగా ఒక విన్నపం. నిన్న ఫోనులో కోప్పడ్డారు, "నలభై ఏళ్ళు లారీలు నడిపినవాడికి నువ్వు పాఠం చెప్తావా?" అన్నారు. అన్నా, మీరు లారీలు నడిపారు, నేను గేర్‌బాక్సులు విప్పాను. మీ అనుభవం అబద్ధం అనడం లేదు. ఆ ఒక్క వాక్యం వెనక్కి తీసుకోండి, లైకులు వేసినవాళ్ళు కూడా తీసేయండి. అక్కడ వాడు మన గ్రూపును ఫోనులో చూసుకుంటూ బోల్టులు బిగిస్తున్నాడు. పెద్దవాళ్ళు ఎక్కువమంది చెప్పిందే చేస్తాడు, వాడి పెంపకం అలాంటిది.

నిన్న రాత్రి వాడికి ఫోను చేసి మూడు సంగతులు పంపమన్నాను: హౌసింగ్ లెక్క, ట్రైలరు నిండు బరువు, కొనబోయే బాక్సు ప్యాను విప్పి తెల్లబట్ట మీద పోసిన ఆయిలు ఫోటో. మొదటి రెండూ వచ్చాయి. ఫోటో రాలేదు. చెల్లెలి టికెట్టు వచ్చే నెల 14కి. ఆదివారం మీటింగుకు తొప్పూరులో కాలిన ఆ క్లచ్ ప్లేటు తీసుకొస్తున్నాను, షెడ్డు గోడకు ఇన్నేళ్ళూ మేకుకు వేలాడుతూనే ఉంది. వాదించదలచినవాళ్ళు దాన్ని ఒకసారి చేతిలోకి తీసుకుని చూసి మొదలుపెట్టండి.